తెల్లగా వచ్చిన కాగితం

ఫాక్స్ మిషన్ ఫణిధర్ బల్ల పక్కన స్టూలు మీద ఉంటుంది. స్టూలుకి ఒక కాలు పొట్టి. దాని కింద కేలండర్ అట్ట మడిచి పెట్టారు. ఎవరు పెట్టారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఫణిధర్ యానాం నుంచి పుదుచ్చేరి హెడ్డాఫీసుకి వచ్చేనాటికే అట్ట నల్లబడి ఉంది.

ఈ రోజుల్లో ఫాక్స్ ఏమిటని బయటివాళ్ళు నవ్వుతారు. ఈ ఆఫీసులో సూపరింటెండెంట్ గుణశేఖరన్ వాడిస్తాడు. ఒకసారి ఈమెయిల్లో వచ్చిన కాగితాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెడితే, ఆడిట్‌వాళ్ళు ఈ సంతకం ఎవరు పెట్టగా ఎవరు చూశారని అడిగారట. అప్పటినుంచి ఆయనకి కంప్యూటర్ మీద నమ్మకం పోయింది. "వాట్సాప్‌లో వచ్చేది గుడ్ మార్నింగ్. కాగితం వచ్చేది ఫాక్స్‌లో," అంటాడు తమిళంలో. అన్నాక ఎవరైనా నవ్వారా అని చుట్టూ చూస్తాడు.

యానాం బ్రాంచికి ఏదైనా పంపాలంటే ముందు ఫోన్ చెయ్యాలి. అటు ఎత్తినవాళ్ళతో "టోన్ ఇవ్వండి" అనాలి. వాళ్ళు తమ మిషన్ మీద మీట నొక్కితే చెవిలో కీచుమంటుంది. అప్పుడు ఇటు మీట నొక్కి రిసీవర్ పెట్టెయ్యాలి. కాగితం పోయాక మళ్ళీ ఫోన్ చేసి, వచ్చిందా, చదవడానికి ఉందా అని అడగాలి. అటునుంచి వచ్చేదానికీ ఇదే పద్ధతి. ఉంది అన్న మాట వినేదాకా పని అయినట్టు కాదు. ఇలా చెయ్యాలని ఏ సర్క్యులర్లోనూ లేదు. అయినా ఎవరూ తప్పరు.

యానాంలో ఫోన్ ఎత్తేది హేమశ్రీ. ఆమెది పుదుచ్చేరే. తాతల కాలంలో మిల్లు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు రావు. ఉద్యోగం వచ్చిన కొంతకాలానికి యానాం వేశారు. అక్కడ బస్సు మీద బోర్డు చదవలేక ఎక్కిన ప్రతి బస్సులోనూ అడిగేది. ఆమె తెలుగు విని యానాంలో నవ్వేవారు. ఫణిధర్ తమిళం విని ఇక్కడ నవ్వేవారు. ఫోన్లో మాత్రం ఒకరి మాటకి ఒకరు నవ్వుకోలేదు.

"టోన్ ఇవ్వండి."

"ఇస్తాండా సార్. ఎన్ని పేజీలు?"

"మూడండి."

"ఆడ వాన పడతాందా?"

"లేదండి. అక్కడెలా ఉంది?"

"గోదారి ఎర్రగా వస్తాంది సార్. మా ఇంటి ఓనరు ఆండాళమ్మ గారు లేరూ, పుస్తెలమ్మి అయినా పులస తినాల్సిందే అంటాంది. నిజంగా అమ్ముతారా సార్ మీ ఊళ్ళో?"

"అమ్మినవాళ్ళని నేనైతే చూడలేదండి."

"మరి ఏంది ఈమె మెడలో తాడు తడువుకుంటా ఉండాది!"

ఫణిధర్ నవ్వేవాడు. చప్పుడు బయటికి రాకుండా నవ్వడం అతనికి అలవాటు. ఆ కాసిని మాటలు, ఇంటికి చేసే ఫోను తప్పిస్తే, రోజు మొత్తంలో అతను తెలుగులో మాట్లాడేది ఉండదు. అటెండరు తిలగం కూడా తెలుగే మాట్లాడుతుంది కానీ ఆమె మాట్లాడేటప్పుడు ఇంకొకరికి చోటుండదు.

భార్య కావ్యశ్రీ యానాంలో ప్రైవేటు బళ్ళో టీచరు. పాపకి నాలుగో ఏడు. ఫణిధర్ సెలవు పెట్టి వెళ్ళినప్పుడల్లా పాప మొదటిరోజు అతన్ని 'మీరు' అంటుంది. వచ్చిన చుట్టాన్ని అన్నట్టు. మంచినీళ్ళు కావాలా అని అడుగుతుంది. రెండో రోజు సాయంత్రానికి 'నువ్వు' అవుతుంది. అప్పటికి అతను కాకినాడలో రైలెక్కే వేళ అవుతుంది.

మ్యూచువల్ బదిలీ మాట ముందు ఎత్తింది హేమశ్రీయే. వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేక ఇక్కడ పుదుచ్చేరిలోనే గోరిమేడు పెద్దాసుపత్రికి తిరుగుతున్న రోజులు. తోడు ఎవరూ లేరు. తండ్రి ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు.

"సార్, మీరు ఈడికి రాండి, నేను ఆడికి పోతా. ఇద్దరమూ సీటు మార్చుకుంటామని రాసిస్తే ఇస్తారంట గదా. ఏమంటారు?"

ఆ రోజు ఫణిధర్ టోన్ వచ్చాక మీట నొక్కడం మరిచిపోయాడు. "సార్, కాగితం రాలా," అని ఆమే మళ్ళీ ఫోన్ చేసింది.

దరఖాస్తు పెట్టారు. ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి నడుస్తుండగానే వాళ్ళమ్మ పోయింది.

ఆఫీసు తరఫున ఎవరో ఒకరు వెళ్ళాలి కాబట్టి ఫణిధర్ వెళ్ళాడు. మిల్లు వెనక వీధి. రేకుల పంచలో ప్లాస్టిక్ కుర్చీలు. అతను హేమశ్రీని చూడటం అదే మొదలు. గొంతును బట్టి పొడుగ్గా ఉంటుందనుకున్నాడు. పొట్టి మనిషి. గోడకి చేరగిలబడి కూర్చుని వచ్చేవాళ్ళ కాళ్ళ వైపు చూస్తోంది. అతను దండ పెట్టి, ఏం చెప్పాలో తెలియక, "యానాం నుంచి ఎప్పుడొచ్చారండి" అన్నాడు. ఆమె తలెత్తింది.

"ఫాక్స్ సారా?"

"అవునండి."

"ఇంత నల్లగా ఉంటారనుకోలా సార్," అంది. అని, అప్పటిదాకా ఏడవనిది, గట్టిగా ఏడ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు అతని వైపు కోపంగా చూశారు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. "మ్యూచువల్ సంగతికి దిగులు పడబాకండి సార్. చెప్పిన మాట చెప్పినట్టే. కాగితం పంపిస్తా," అంది. అతను అక్కరలేదు అనలేదు. తలూపాడు.

ఇప్పుడు ఆ కాగితం రావాలి. ఇద్దరూ విడివిడిగా సమ్మతి రాసి సంతకం పెట్టాలని పైనుంచి కొత్తగా అడిగారు. ఫణిధర్ ఇచ్చేశాడు. హేమశ్రీది ఈ సాయంత్రం లోపల ఫైల్లో చేరకపోతే, ఫైలు అది లేకుండానే పైకి పోతుంది. మళ్ళీ బదిలీలు వచ్చే ఏడాదే.

పొద్దున్నే కావ్యశ్రీ ఫోన్ చేసి, "ఆ కాగితం వస్తే నాకు ఫోన్ చెయ్యండి. రాకపోతే ఇక ఆ ఫాక్సుకే చేసుకోండి, కాపరం కూడా దాంతోనే చేసుకోండి," అంది. నవ్వుతూనే అంది. చివర్లో నవ్వు లేదు.

మధ్యాహ్నం దాకా మిషన్ మోగలేదు. ఫణిధర్ చేస్తే అటు ఎత్తలేదు. భోజనానికి కిందికి వెళ్ళకుండా బల్ల దగ్గరే కూర్చున్నాడు. మిషన్ మూత తీసి పేపరు చుట్ట చూశాడు. సగం పైగా ఉంది. మూత వేశాడు. ఇంకాసేపటికి మళ్ళీ తీసి చూశాడు.

"ఏంది నాయనా, కోడి గుడ్డు పెట్టిందా లేదా అని తడివినట్టు తడువుతాండావ్," అంది తిలగం టీ గ్లాసు పెడుతూ. "అది పెట్టేటప్పుడు పెడతాది. పైగా అరుస్తాది కూడా."

గుణశేఖరన్ అద్దాల మీదుగా చూశాడు. "పణిదర్, నాలుగున్నరకి నేను ఫైలు కట్టేస్తా. తర్వాత నువ్వు ఏడ్చినా తాడు విప్పను."

"సరే సార్."

"ఆ అమ్మాయికి ఫోన్ చేసి గట్టిగా అడగొచ్చు కదప్పా. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

ఫణిధర్ మిషన్ వైపు తిరిగాడు. ఎండ కిటికీ ఊచల నీడల్ని మిషన్ మీదికి తెచ్చింది. అది నాలుగింటి ఎండ.

అప్పుడు మోగింది.

"సార్, పెడతాండా. టోన్ ఇయ్యండి," అంది హేమశ్రీ. ఎందుకు ఆలస్యమైందో చెప్పలేదు. వాన సంగతి అడగలేదు.

అతను మీట నొక్కాడు. మిషన్ కీచుమంది, గురగురమంది, కాగితం బయటికి తోసింది. పై అంచున సన్నటి అక్షరాల్లో తేదీ, యానాం నంబరు. దాని కింద ఏమీ లేదు. కాగితం చివరిదాకా తెల్లగా వచ్చి, మిషన్ కోసి వదిలేసింది.

తిలగం తొంగిచూసింది. "అయ్యో, తిరగేసి పెట్టింది పిల్ల! చేరిన కొత్తల్లో ఈ స్టూలు కాడనే గదా పని నేర్చుకునింది. మన మిషన్లో రాత కిందికి పెట్టాల, ఆడ పైకి పెట్టాలంట. ఆడికి పోయిన మొదటి వారమంతా అన్నీ ఇట్లా తెల్లకాగితాలే. ఆఫీసరు అరిచి అరిచి నీరసపడినాడు. అయినా అది యానాటి మాట! ఇన్నేళ్ళలో మళ్ళీ చేసిందే లేదు."

ఫణిధర్ ఆ కాగితాన్ని చేత్తో పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. చివర చుట్టుకుపోతోంది. ఇన్నేళ్ళలో ఆమె నుంచి అతనికి ఒక్క తెల్లకాగితం రాలేదు.

రిసీవర్ ఎత్తి నంబరు కొట్టాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"వచ్చిందా సార్?"

"తెల్లగా వచ్చిందండి."

అటునుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు అతనికి తెలుసు. దూరం నుంచి నీళ్ళు మోసుకొచ్చిన మనిషి బిందె గట్టుమీద దించినప్పుడు వచ్చే చప్పుడు.

"తిరగేసి పెట్టినట్టుండా సార్."

"అయ్యుంటుందండి."

"చెయ్యి మరిచిపోయింది."

"అలా అవుతుందండి ఒక్కోసారి."

వెనక ఎవరో ఆడమనిషి గొంతు గట్టిగా వినబడింది. "హేమా, అయిందా? క్యారేజీ నాకిచ్చెయ్యి, పొద్దున్నించీ మెతుకు ముట్టలేదు నువ్వు. ఆఫీసులు ఎక్కడికీ పోవు." హేమశ్రీ రిసీవర్‌కి చెయ్యి అడ్డంపెట్టి, "వస్తాండా అండమ్మా, ఒక్క నిమిషం," అంది. ఆండాళమ్మ ఆఫీసు దాకా వచ్చిందన్నమాట, అన్నం పట్టుకుని.

ఫణిధర్ విన్నాడు. ఆమె ఆ ముసలామెని అండమ్మా అంటుందని ఇన్నాళ్ళూ అతనికి తెలియదు. ఫోన్లో ఎప్పుడూ ఆండాళమ్మ గారనే చెప్పేది.

"మళ్ళీ పెట్టాలా సార్?"

మీకు రావాలని ఉందా అని అడగొచ్చు. ఒక్క మాట. అడిగితే ఆమె అబద్ధం చెప్పదు. అది అతనికి బాగా తెలుసు. మిషన్ చెడిపోయిందని చెప్పినా సరిపోతుంది. ఆమె అయ్యో అంటుంది, ఇద్దరి మాటా నిలబడినట్టే ఉంటుంది, తప్పు స్టూలు మీద మిషన్‌ది అవుతుంది. పాప గుర్తుకొచ్చింది. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా, కళ్ళు నీళ్ళ మీదే పెట్టి, అతని దగ్గరికి నడిచి వస్తుంది. ఇచ్చేసి వెనక్కి వెళ్ళి తలుపు దగ్గర నిలబడుతుంది.

గుణశేఖరన్ ఫైలుకి కట్టే తాడు వేలికి చుట్టుకుంటున్నాడు.

"పెట్టండి," అన్నాడు ఫణిధర్. "అక్షరాలు పైకి."

"సరి సార్."

మళ్ళీ కీచుమంది. ఈసారి పై అంచు తర్వాత నల్లటి వరసలు వచ్చాయి. ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వాక్యాలు. ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా అని రాసి ఉంది. అందరి కాగితంలోనూ అదే ఉంటుంది. అతని దాంట్లోనూ ఉంది. కింద తమిళంలో సంతకం. సంతకం చివరి గీత కొద్దిగా వణికినట్టుంది. అది చెయ్యో, లైనో చెప్పలేం.

"వచ్చేసిందా!" గుణశేఖరన్ లేచి వచ్చి కాగితం లాక్కున్నాడు. "చూశావా, ఫాక్స్ అంటే ఇదీ. జెరాక్స్ తీసుకురా, అదే ఫైల్లో పెడదాం. ఈ చుట్టకాగితం ఎండాకాలం దాటేసరికి రాతంతా పోగొట్టుకుంటుంది. స్వీట్ ఎక్కడప్పా?"

"ఇంగ పెండ్లాం బిడ్డ కాడికి పొయ్యేది నాయనా," అంది తిలగం. "మొహం ఏంది అట్టా పెట్టినావ్? బిరియానీ పొట్లం కింద పడేసుకున్నోడి మాదిరి?"

ఫణిధర్ జెరాక్స్ తీసుకొచ్చి ఇచ్చాడు. గుణశేఖరన్ దాన్ని గుచ్చి, తాడు కట్టి, ఫైలు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. తిలగం గ్లాసులు కడగడానికి వెళ్ళింది. గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

అందిందని చెప్పాలి. ఫణిధర్ నంబరు కొట్టాడు.

"వచ్చిందండి. చదవడానికి బాగుంది."

"సరి సార్."

ఇద్దరూ రిసీవర్ పెట్టలేదు.

"ఆర్డరు ఎప్పుడొస్తాది సార్?"

"నెల లోపల వస్తుందంటున్నారండి."

"ఓ. ఆఫీసు పక్కన యాడైనా రూము దొరుకుతుందా?"

"మీకు ఇల్లుంది కదండీ."

"ఆ ఇంటికి పోలేను సార్. తాళం పిన్నమ్మకి ఇచ్చేసినా. అమ్మ మంచం ఆడనే ఉండాది. దాన్ని తియ్యలేను, దాని పక్కన పండుకోలేను."

అతను గోడ వైపు చూశాడు. "నా రూము ఖాళీ అవుతుందండి. గోరిమేడులో. ఇంటాయన మంచోడే. అద్దె అడగడానికి తప్ప పైకి రాడు."

"వెలుతురు ఉంటాదా?"

ఉంటుందని చెప్పబోయాడు. చెప్పలేదు. "పొద్దున ఉంటుందండి. మధ్యాహ్నం నుంచి లైటు వేసుకోవాలి. పక్క గదుల్లో ఆసుపత్రికి వచ్చినవాళ్ళు దిగుతారు. అలవాటయ్యేసరికి వెళ్ళిపోతారు. కొందరు చెప్పి వెళ్తారు. కొందరు రాత్రికి రాత్రే వెళ్తారు. వాళ్ళని ఏమీ అడక్కండి."

"సరి."

"మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది. మీకు బాగానే ఉంటుందేమో."

"మా ఊరే గదా సార్," అంది ఆమె. "ప్రతి సందూ తెలుసు. ఒక్కదాన్నే ఎట్లా ఉండాలో తెలీదు. ఎప్పుడూ ఉండలా. ఆదివారం మీరు ఏం చేస్తారు సార్?"

చొక్కా జేబులో సెల్‌ఫోన్ వణికింది. తీసి చూశాడు. కావ్యశ్రీ. ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు. అది వణుకుతూ కొంచెం కొంచెం పక్కకి జరిగింది.

ఆదివారం ఏం చేస్తావని అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బట్టలుతుక్కుంటాననేవాడు.

"బాహూరు బస్సెక్కుతానండి," అన్నాడు.

"ఆడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. పెద్ద చెరువుంది. చెరువు కింద పొలాలు. కుడివైపు కూర్చోండి బస్సులో, పొద్దుటి ఎండ తగలదు. దిగాక గట్టు వెంట కొంచెం నడిస్తే తుమ్మచెట్లు వస్తాయి. అక్కడ కూర్చుంటే మడులన్నీ కనిపిస్తాయి. నాట్లప్పుడు వెళ్తే బాగుంటుంది. నారు ఊడ్చేవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ మనవైపే వస్తారు. గట్టు దాకా వచ్చాక గానీ మనల్ని చూడరు." అతను ఆగాడు. ఇంతసేపు మాట్లాడటం అతనికే వింతగా ఉంది. అటువైపు ఆమె వింటున్నట్టు తెలుస్తోంది. "కోతలయ్యాక ఏముండదండి. కొంగలుంటాయి. అయినా వెళ్తాను."

"ఎంతసేపు కూర్చుంటారు?"

"ఆకలేసేదాకా."

బల్ల మీద సెల్‌ఫోన్ ఆగింది. మళ్ళీ వణకడం మొదలుపెట్టింది.

"మోటారు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఆపి అడుగుతారండి, ఎవరింటికొచ్చారని. ఎవరింటికీ కాదంటే అనుమానపడతారు. ఆడమనిషి, ఒక్కరే ఉంటే ఇంకా అడుగుతారు. బస్సు కోసం చూస్తున్నానని చెప్పండి. నేను అదే చెబుతాను."

"వాళ్ళు ఆడనే నిలబడినప్పుడు బస్సు వచ్చేస్తే?"

ఒకసారి ఫణిధర్‌కి నిజంగానే అలా జరిగింది.

"ఇది కాదండీ, దీని వెనకాల వచ్చేది అని చెబుతాను," అన్నాడు.